తగ్గింది అంటున్నారు సరే... దేంతో పోలిస్తే తగ్గింది? | మనసు జబ్బుల మందులను ఎలా పరీక్షించారు

మాక్లూర్ నుంచి మీ హోస్ట్‌ని మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మామూలు హిస్టరీ ఎపిసోడ్‌లా మొదలు కాదు. ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

రెండేళ్ల కింద ఒక షార్ట్ పెట్టిన. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, ఇరవై ఒక్క రోజులు, డిప్రెషన్ మాయం. నాకు పనిచేసింది, అందుకే చెప్పిన. వ్యూస్ బాగా వచ్చినయి. నెల తర్వాత ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు: "అన్నా, నీ వీడియో చూసి గోలీలు బంద్ చేసిన. ఇప్పుడు నిద్ర పడ్తలేదు, బతకాలనిపిస్తలేదు." ఆ రాత్రి నాకు కూడా నిద్ర పట్టలేదు. పొద్దునదాకా అతనితో ఫోన్‌లోనే ఉన్న. వాళ్ల అక్క తెల్లారంగనే డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది. ఇప్పుడు బాగున్నడు. ఆ షార్ట్ డిలీట్ చేసిన, కానీ దాని కింద నేను అడగాల్సిన ప్రశ్న మాత్రం డిలీట్ కాలేదు. నాకు "పనిచేసింది" అని నాకెట్ల తెలుసు? ఎండాకాలం సెలవులొచ్చి, ఆఫీస్ ఒత్తిడి తగ్గి, నా అంతట నేనే కోలుకొని ఉండొచ్చు కదా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి ప్రపంచానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ కథే ఇయ్యాల మన ఎపిసోడ్. మా ఇంట్లో మొదలైతది, షక్కర్ నగర్ మీదుగా లండన్ పోతది, చివరికి పశ్చిమ గోదావరిలో ఆగుతది.

2015. నేను బీటెక్ ఫస్టియర్. మా చిన్నాయిన చెరుకు లారీ మీద పనిచేసేటోడు. సీజన్‌ల బోధన్ షక్కర్ ఫ్యాక్టరీకి చెరుకు తోలుడు, పొద్దుగూకినంక కల్లు దుకాణం. మా దిక్కు కల్లు అంటే తెలుసు కదా. చెట్టు నుంచి దించింది తక్కువ, కలిపింది ఎక్కువ. ఆ ఏడాది వానాకాలం చివర్ల ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా దాడులు చేసింది. దుకాణాల్లో మందు కలుపుడు ఒక్కసారిగా తగ్గింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనుషులు వింతగా ప్రవర్తిస్తున్నరని, ఫిట్స్ వస్తున్నయని, ఆస్పత్రులు నిండుతున్నయని అప్పుడు పేపర్ల నిండా వార్తలు.

మా ఇంట్లో ఆ వార్త పేపర్‌లో రాలేదు, మంచం మీద వచ్చింది. రెండో రోజుకు చిన్నాయిన చేతులు వణుకుడు. మూడో రోజుకు గోడ మీద ఎవరో ఉన్నరని మాట్లాడుడు. మెడ ఒక పక్కకు గుంజుకపోయింది. మా నాయినమ్మ "గాలి సోకింది బిడ్డా" అన్నది. సాయంత్రం ఒకాయన వచ్చి తాయెత్తు కట్టిండు. అదే సాయంత్రం చిన్నాయిన దోస్త్ పక్క ఊరి దుకాణం నుంచి రెండు సీసాల కల్లు తెచ్చి తాపిండు. గంటలో మనిషి నిమ్మళమైండు. నిద్రపోయిండు.

నాయినమ్మ నా దిక్కు చూసి అన్నది: "సూసినవా, కట్టంగనే తగ్గింది."

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి ఇప్పుడు దాన్ని ఇట్ల చెప్తా. ఒకేసారి రెండు మార్పులు సర్వర్ మీద ఎక్కించి, సైట్ స్పీడ్ పెరిగితే, దేనివల్ల పెరిగింది? చెప్పలేం. తాయెత్తు ఒకటి, కల్లు ఒకటి. రెండూ ఒకే గంటలో. నాయినమ్మ తాయెత్తుకు మార్కులేసింది. దోస్త్ కల్లుకు వేసుకున్నడు. తెల్లారి నాలుగింటికి చిన్నాయినకు ఫిట్స్ వచ్చినయి. ఆటోల వేసుకొని నిజామాబాద్ పెద్దాస్పత్రికి పోయినం.

అక్కడ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "కల్లు ఎప్పుడు మానిండు?" నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ కల్లులో ఏముందో తర్వాత చదివితే అర్థమైంది. అక్కడే నాకు ఈ హిస్టరీ మొత్తం దొరికింది.

మా దిక్కు కల్తీ కల్లు కేసుల్లో మళ్లీ మళ్లీ మూడు పేర్లు వస్తయి. క్లోరల్ హైడ్రేట్. పేపరోళ్లు డైజోఫాం అని రాసే డైజెపామ్. ఆల్ప్రజోలమ్. ఈ మూడూ ఏంటో తెలుసా? మూడూ ఒకప్పుడు మనసు జబ్బులకు, నిద్రలేమికి పెద్ద ఆశలతో వచ్చిన మందులే. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీలో లీబిగ్ తయారు చేసిండు. 1869లో లీబ్రైక్ అనే ఆయన దాన్ని నిద్రమందుగా పరిచయం చేసిండు. ఆ తర్వాత యూరప్ పిచ్చాస్పత్రుల్లో అది నీళ్లలాగా వాడారు. అరిచే పేషెంట్ పడుకున్నడు, వార్డు నిశ్శబ్దమైంది, మందు పనిచేసింది అన్నారు. డైజెపామ్ 1963లో వేలియం పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. ఆల్ప్రజోలమ్ ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత. అంటే ఐరోపా, అమెరికా ల్యాబుల్లో పుట్టిన నూటయాభై ఏళ్ల చరిత్ర మా ఊరి కల్లు సీసాలో కలిసింది.

ఈ మందులు మెదడులో బ్రేక్ నొక్కుతయి. రోజూ బయటి నుంచి బ్రేక్ నొక్కుతుంటే మెదడు దానికి అలవాటుపడి తన యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం మొదలుపెడ్తది. ఒక్కసారి బ్రేక్ తీసేస్తే? బండి అదుపు తప్పుతది. వణుకు, నిద్రలేమి, లేనివి కనపడుడు, ఫిట్స్. అందుకే ఆస్పత్రిలో డాక్టర్లు చిన్నాయినకు అదే రకం మందు కొలిచి ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం తగ్గించారు. పక్క ఊరి కల్లు చేసిందీ బ్రేకే, డాక్టర్ ఇచ్చిందీ బ్రేకే. ఒకటి మళ్లీ అదే గుంతలో పడేస్తది, ఇంకోటి మెల్లగా బయటికి తీసుకొస్తది. ఆ ఒక్క గంట చూస్తే రెండూ ఒక్కలాగనే కనపడ్తయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనసు జబ్బుల్లో "తగ్గింది" అనే మాట ఎందుకంత మోసం చేస్తది? నాకు మూడు కారణాలు కనపడ్డయి. ఒకటి, చాలా జబ్బులకు ఎత్తుపల్లాలు ఉంటయి. మనం సాయం కోసం ఎప్పుడు పరుగెత్తుతాం? బాగా ముదిరినప్పుడు. ఆ తర్వాత ఏం చేసినా, ఏం చేయకున్నా, కొంతమందికి కొంత తగ్గుతది. రెండు, ఎవరో మనల్ని పట్టించుకుంటున్నరు అన్న నమ్మకమే సగం బలం. మూడు, జ్వరానికి థర్మామీటర్ ఉంది, బాధకు లేదు. చూసేటోళ్ల ఆశ కొలతలోకి దూరిపోతది.

ఈ మూడూ కలిసి డాక్టర్లనే ఎట్లా బోల్తా కొట్టించినయో చెప్పే కథ ఒకటి ఉంది. దాంట్లో మనకు బాగా తెలిసిన వస్తువు ఉంది. చక్కెర.

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది 1937లో. మా తాత తరానికి షక్కర్ నగర్ అంటే జీతం, క్వార్టర్, ఇజ్జత్. సరిగ్గా అదే కాలంలో, ప్రపంచమంతా పిచ్చాస్పత్రుల్లో చక్కెర నీళ్లతో ఒక చికిత్స నడుస్తోంది. దాని పేరు ఇన్సులిన్ కోమా. వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ అనే డాక్టర్ 1933లో దాన్ని ప్రకటించిండు. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషికి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చి, రక్తంలో చక్కెర పడేసి, కోమాలోకి పంపుతారు. తర్వాత ముక్కు గొట్టం ద్వారా చక్కెర నీళ్లు పోసి లేపుతారు. వారానికి ఐదారు రోజులు, మొత్తం యాభై అరవై సార్లు. కొందరు లేవలేదు. చనిపోయారు. అయినా సాకెల్ చాలా గొప్ప ఫలితాలు చెప్పిండు, ప్రపంచం నమ్మింది. మన దేశంలో మానసిక ఆస్పత్రులు కూడా వాడినయి.

ఆ డాక్టర్లు మోసగాళ్లు కాదు. వాళ్ల కళ్ల ముందే పేషెంట్లు బాగుపడ్డరు. ఇరవై ఏళ్లు ఎవరూ గట్టిగా అడగలేదు. 1953లో ఇంగ్లండ్‌లో హెరాల్డ్ బోర్న్ అనే కుర్ర డాక్టర్ లాన్సెట్ పత్రికలో 'ఇన్సులిన్ భ్రమ' అన్న అర్థంలో ఒక వ్యాసం రాసిండు. ఆయన చెప్పింది సింపుల్. ఈ చికిత్సకు మీరు ఎవరిని ఎంచుకుంటున్నరు? జబ్బు కొత్తగా వచ్చిన, వయసులో ఉన్న, ఒంట్లో బలం ఉన్న పిల్లల్ని. వాళ్లలో చాలామంది మామూలుగానే కోలుకుంటారు. పైగా ఇన్సులిన్ వార్డులో నర్సులు ఎక్కువ, తిండి మంచిది, రోజంతా పక్కన ఎవరో ఒకరు ఉంటారు. బాగుపడింది ఇన్సులిన్ వల్లనా, ఆ మనుషుల వల్లనా?

సీనియర్లు ఆయన మీద విరుచుకుపడ్డరు. కానీ ప్రశ్న ఆగలేదు. 1957లో లండన్‌లో బ్రయాన్ ఆక్నర్, ఆయన సహచరులు పరీక్ష పెట్టారు. పేషెంట్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఇన్సులిన్ కోమా. ఇంకో గుంపుకు బార్బిట్యురేట్ అనే నిద్రమందుతో స్పృహ తప్పించడం. వార్డు, నర్సులు, శ్రద్ధ, తిండి అన్నీ ఒకటే. ఫలితం? రెండు గుంపులూ ఒకేలా ఉన్నయి. ఇన్సులిన్‌కు ప్రత్యేకంగా వచ్చిన లాభం ఏమీ లేదు. కొన్నేళ్లలో ఆ వార్డులు మూతపడ్డయి.

ఇప్పుడు మా ఆఫీస్ సంగతి. యాప్‌లో ఒక బటన్ ఆకుపచ్చ ఉండాలా, నారింజ ఉండాలా అని తేల్చడానికి మేం ఏ/బీ టెస్ట్ పెట్టేవాళ్లం. యూజర్లను లాటరీలా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పాత బటన్, ఒక గుంపుకు కొత్తది. మేనేజర్‌కు ఏది నచ్చిందో పక్కన పెట్టి, తేడా చూసేది. ఆక్నర్ చేసింది అదే. వైద్యంలో ఈ లాటరీ పద్ధతికి పేరు తెచ్చింది 1948లో బ్రిటన్‌లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ మీద జరిగిన పరీక్ష. దాని వెనక ఉన్నది ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే లెక్కల మనిషి. నాకు ఒక్కటి గుచ్చుకుంది. బటన్ రంగుకు నేను అడిగిన ప్రశ్న, నా షార్ట్ చూసే మనుషుల మెదడు విషయంలో ఎందుకు అడగలేదు?

కామెంట్లలో ఎప్పుడూ ఒక గొడవ ఉంటది. "ఇవన్నీ ఇంగ్లిష్ మందులు బ్రో, మన మూలికలు చాలవా?" అని. లాటరీ పద్ధతికి మందు ఏ దేశానిదో పట్టదు. ఉదాహరణ మనదే. సర్పగంధ. మన దేశంలో ఎన్నో తరాలుగా పిచ్చికి వాడిన వేరు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దాని మీద వ్యాసం రాశారు, పిచ్చికీ రక్తపోటుకూ పనిచేస్తుందని. 1952లో స్విట్జర్లాండ్‌లో దాన్నుంచి రెసర్పిన్ అనే పదార్థం వేరు చేశారు. 1955లో లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే డాక్టర్లు ఆందోళన, దిగులు ఉన్న పేషెంట్ల మీద రెసర్పిన్‌ను ఉత్తుత్తి గోలీతో పోల్చి పరీక్షించారు. మనసు జబ్బుల చరిత్రలో తొలినాటి లాటరీ పరీక్షల్లో అదొకటి. ఉత్తుత్తి గోలీ కంటే మన వేరు మెరుగ్గా నిలబడింది. తర్వాత ఇంకా మంచి మందులొచ్చి పక్కకు జరిగింది, అది వేరే సంగతి. పరీక్షకు నిలబడితే వేరుకైనా చోటుంది. నిలబడకపోతే వియన్నా డాక్టర్‌కైనా లేదు.

గోలీలన్నీ ఉత్తవే అనేటోళ్ల కోసం ఇంకొక్కటి. 1964లో అమెరికాలో తొమ్మిది ఆస్పత్రుల్లో స్కిజోఫ్రెనియా పేషెంట్లకు ఆరు వారాల పరీక్ష జరిగింది. క్లోర్‌ప్రోమజిన్ లాంటి మందులు తీసుకున్న గుంపులో దాదాపు నలుగురిలో ముగ్గురు బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి గోలీ గుంపులో సుమారు నలుగురిలో ఒక్కరు. ఇన్సులిన్‌ను దించేసిన పద్ధతే ఈ మందులను నిలబెట్టింది. ఈ మందులకు సైడ్ ఎఫెక్టులు లేవని కాదు. వణుకు, బిగుసుకుపోవడం, బరువు పెరగడం ఉన్నయి. అవి కూడా డాక్టర్‌తో మాట్లాడాల్సిన లెక్కలోవే.

సరే, ఇదంతా లండన్, అమెరికా. మన తెలుగు ఊళ్లలో? ఇక్కడ ఒక మంచి కథ ఉంది. నేను చూసినంతలో మన యూట్యూబ్‌లో దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

పశ్చిమ గోదావరి జిల్లా. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ, పల్లబ్ మౌలిక్ అనే సైకియాట్రిస్ట్ నాయకత్వంలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పని మొదలుపెట్టింది. ఊళ్లో సైకియాట్రిస్ట్ లేడు, వచ్చే సూచన లేదు. కానీ ఆశా వర్కర్ ఉంది. ఆశా అక్క చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడుగుతది: గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, నిద్ర పడుతోందా, చనిపోతే బాగుండు అనిపించిందా. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. మార్కులు ఎక్కువొచ్చినోళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌కు పోతయి. ఏం చేయాలో ఆ సాఫ్ట్‌వేర్ డాక్టర్‌కు అడుగడుగునా సూచిస్తది. ఊళ్లో నాటకాలు, వీడియోలతో మనసు జబ్బు అంటే సిగ్గుపడాల్సింది కాదని ప్రచారం చేశారు.

ముందు చిన్నగా, గిరిజన గ్రామాలు కూడా కలుపుకొని చేశారు. ఇబ్బంది ఉన్నవాళ్లలో సాయం కోసం డాక్టర్ దగ్గరికి పోయినవాళ్లు అంతకుముందు 0.8 శాతం, తర్వాత 12.6 శాతం. నాలాంటోడైతే అక్కడే థంబ్‌నెయిల్ చేసేస్తడు: 'పదిహేను రెట్లు!' వాళ్లు అట్ల చేయలేదు. ఎందుకంటే అది ముందు-తర్వాత లెక్క మాత్రమే. పక్కన పోల్చడానికి ఇంకో గుంపు లేదు. మా నాయినమ్మ తాయెత్తు లెక్క కూడా ముందు-తర్వాతదే కదా.

అందుకే మళ్లీ పెద్దగా చేశారు. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలో కూడా. మొత్తం 44 పీహెచ్‌సీలు, దాదాపు పదివేల మంది. ఈసారి లాటరీ. సగం పీహెచ్‌సీలకు మొత్తం ప్యాకేజీ. మిగతా సగంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు డాక్టర్‌ను కలవమని చెప్పి, మామూలు వైద్యమే. మధ్యలో కరోనా. అయినా ఏడాది పాటు జనాన్ని వదలకుండా చూశారు. 2024లో ఫలితాలు వచ్చినయి.

ప్యాకేజీ అందిన ఊళ్లలో, మొదట ప్రమాదంలో ఉన్నవాళ్లలో ఏడాది తర్వాత సుమారు నలుగురిలో ముగ్గురు బయటపడ్డరు. మార్కులు కూడా రెండో గుంపు కంటే సగటున దాదాపు 1.8 తక్కువ వచ్చినయి. సూపర్ కదా? ఆగండి. రెండో గుంపులో కూడా దాదాపు సగం మంది బయటపడ్డరు. ఈ సగం గురించే నేను ఇంతసేపు మాట్లాడుతున్నది. రెండో గుంపు లేకపోతే ఆ నలుగురిలో ముగ్గురి క్రెడిట్ మొత్తం ప్యాకేజీకే పోయేది. నా చన్నీళ్ల స్నానం నిలబడింది ఈ సగం మీదనే. నేను ఆ సగంలో ఒకణ్ణి అయి ఉంటా. నా షార్ట్ చూసిన తమ్ముడు కాదు.

ఇంకో నిజం కూడా వాళ్లు దాచలేదు. ఆ పరీక్షకు రెండో లక్ష్యం ఒకటుంది. మనసు జబ్బు ఉన్నవాళ్ల పట్ల ఊరి జనం ప్రవర్తన మారాలె. ఏడాది తర్వాత కొలిస్తే, ఆ ప్రవర్తన మార్కుల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. జబ్బు తగ్గించడం కంటే మన నోళ్లను మార్చడం కష్టమన్నమాట. నిజం చెప్పండి, దోస్త్ కొంచెం తిక్కగా మాట్లాడితే మనం ఏమంటాం? "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలెరా" అంటాం. నేను కూడా అన్న, చాలాసార్లు. చిన్నాయిన గోడతో మాట్లాడిన రోజు తర్వాత ఆ జోక్ నా నోట్లోంచి రాలేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలె. ఈ పరీక్షలు సగటు చెప్తయి. ఒక మందు వందలో అరవై మందికి పనిచేస్తదని తెలిస్తే, నువ్వు ఆ అరవైలో ఉన్నవా లేవా అన్నది నీకూ నీ డాక్టర్‌కూ కొన్ని వారాలు చూస్తేగాని తెల్వదు. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి మారుస్తారు. అందుకే మొదటి గోలీ సరిపోలేదని "ఇవన్నీ వేస్ట్" అనుడూ తప్పే, కొంచెం మెరుగవ్వంగనే మన ఇష్టం వచ్చినట్టు ఆపుడూ తప్పే. ముఖ్యంగా బ్రేక్ లాంటి మందులు ఒక్కసారిగా ఆపితే ఏమైతదో మా ఇల్లు చూసింది.

మా చిన్నాయిన ఇప్పుడు బాగున్నడు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే షక్కర్ ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు లారీ పనీ పోయింది. కల్లూ పోయింది, పనీ పోయింది, రెండూ ఒకే ఏడాది. కానీ మళ్లీ దుకాణానికి పోలేదు. ఇప్పుడు పసుపు వేస్తున్నడు. తాయెత్తు మాత్రం ఇంకా చేతికే ఉంది. ఒకసారి అడిగిన, "చిన్నాయినా, ఇంకా ఎందుకది?" నవ్విండు. "మీ నాయినమ్మ కట్టింది, ఉండనీరా. గోలీలైతే డాక్టర్ బంద్ చేయమన్నప్పుడే బంద్ చేసిన గదా" అన్నడు. నాకు ఆ లెక్క నచ్చింది. తాయెత్తు ప్రేమకు, గోలీ జబ్బుకు.

కాబట్టి ఈసారి ఎవరైనా, నాతో సహా ఎవరైనా, వీడియోలో "ఇది చేస్తే డిప్రెషన్ పోతది" అంటే కింద ఒక్క కామెంట్ పెట్టండి: 'దేంతో పోలిస్తే?' జవాబు రాకపోతే స్క్రోల్ చేసి పోండి.

మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ ఇప్పుడు బాగా లేకపోతే ఈ వీడియో అయిపోయేదాకా కూడా ఆగకండి. టెలి మానస్, నంబర్ 14416. ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి బెరుకుంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టుకొని చేయండి. ఆ రాత్రి ఆ తమ్ముడి పక్కన వాళ్ల అక్క కూర్చున్నది, అట్లనే.

ఉంటా మరి. మళ్లీ కలుద్దాం.